ఏడు ఖాళీ గడులు

మంగళవారం ఉదయం ఎనిమిదింటికే కాగితం బల్ల మీదికి వచ్చింది. దాని మీద పెద్ద డాక్టరు సంతకం అయిపోయింది, మేట్రన్ సంతకమూ అయిపోయింది. మూడో సంతకం పెద్ద సిస్టరు చెయ్యాలి. ఆమె సంతకం లేకుండా ఈ నర్సింగ్ స్కూల్లోకి ఏ పిల్లా రాలేదు, ఏ పిల్లా బయటికి పోలేదు. స్కూలు పెట్టిన మనిషి ఆమే కాబట్టి నలభై ఒక్క ఏళ్ళుగా ఆ మర్యాద అలాగే నడుస్తోంది.

విషయం నాలుగు వాక్యాల్లో ఉంది. సోమవారం మధ్యాహ్నం స్త్రీల వార్డులో మూడో సంవత్సరం విద్యార్థిని ఒకతె చార్టులో రెండు గంటల వేళ నింపాల్సిన ఏడు మంచాల గడులు ఖాళీగా వదిలేసింది. ఆ ఏడింటిలో పందొమ్మిదో మంచం ఒకటి. ఆ మంచం మీద ఉన్న ఆపరేషన్ పేషెంటు నాలుగింటికి చూసేసరికి చనిపోయి ఉంది. నిబంధన ప్రకారం విద్యార్థినిని స్కూలు నుంచి తొలగించడమైనది.

ఆ పిల్ల చదువు పూర్తి కావడానికి ఇంకా పది వారాలే ఉంది.

పెద్ద సిస్టరు కళ్ళజోడు తీసి పైట అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. అక్షరాలు మారలేదు. మోకాళ్ళు పొద్దున్న ప్రార్థన దగ్గర నుంచీ సలుపుతున్నాయి. డెబ్భై మూడేళ్ళ మనిషి, మెట్లెక్కి రావడమే ఒక పని. నిబంధన మాత్రం ఆమెదే, అందులో అనుమానం లేదు. ఈ ఆస్పత్రిలోనే కాదు, ఆమె రాసిన పుస్తకం చదివే ప్రతి నర్సింగ్ స్కూల్లోనూ మొదటి వారం పిల్లలచేత కంఠతా పట్టించే వాక్యం అది: చార్టులో ప్రతి గడీ నిండి ఉండాలి. వార్డుకి రోజుకొక పెద్ద కాగితం, నిలువునా మంచాలు, అడ్డంగా గంటలు, ప్రతి గడిలో జ్వరం, నాడి, ఊపిరి. ఆ గీతలు మొదట గీసింది ఆమే. పిల్లలు చాటుగా ఆమెను గడుల సిస్టరమ్మ అంటారని ఆమెకు తెలుసు. వరండాలోంచే దుప్పటి మడత వంకర పట్టేస్తుందనీ, దేవుడి లెక్కల పుస్తకం కూడా శనివారం తెప్పించుకుని చూస్తుందనీ చెప్పుకుంటారు. అదీ తెలుసు. వినీ విననట్టు ఉండటం ఆమెకు అలవాటే.

ఆ పిల్లని పిలిపించింది.

వచ్చిన పిల్ల సన్నగా, పొడుగ్గా ఉంది. టోపీ సరిగ్గానే పెట్టుకుంది గానీ కళ్ళు రాత్రంతా నిద్ర లేనట్టున్నాయి. తోటి పిల్లలు ఈమెని నిమిషం అని పిలుస్తారు. మిగతా వాళ్ళు నాడిని పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తారు. ఈమె మాత్రం పుస్తకంలో ఉన్నట్టు నిమిషమూ పూర్తిగా లెక్కపెడుతుంది. అందుకని ఈమె డ్యూటీలో పడ్డవాళ్ళకి టీ తాగే టైముండదని వాళ్ళ ఏడుపు.

"కూర్చో."

"పర్లేదు సిస్టర్."

"నువ్వు నిలబడితే నాకు మెడ నొప్పి. కూర్చో."

కుర్చీ అంచున కూర్చుంది.

"ఏడు గడులు ఎందుకు వదిలేశావు?"

"పన్నెండో మంచం మామ్మ జారి పడిపోయింది సిస్టర్. తనే దిగి బాత్రూంకి వెళ్ళబోయింది. లేపి, కడిగి, పక్క మార్చేసరికి రెండూ నలభై అయిపోయింది. అప్పటికి పదహారు మందిని చూశాను. ఇంకో ఏడుగురు ఉండగానే మందుల టైమైంది."

"మందులయ్యాక చూడొచ్చుగా?"

"వెళ్దామనే అనుకున్నాను. మూడింటికి ఆపరేషన్ గదిలోంచి ఒకావిణ్ణి తీసుకొచ్చారు. ఆవిడకి వాంతులు."

"వార్డు నర్సుకి చెప్పావా?"

"చెప్పాను. రాసెయ్యమంది."

"మరి రాయలేదేం?"

ఆ పిల్ల తల ఎత్తి చూసింది. ప్రశ్న అర్థం కానట్టుంది ఆ చూపు.

"లెక్కపెట్టలేదు కదా సిస్టర్," అంది.

పెద్ద సిస్టరుకి చిరాకు వేసింది. పని మానేసి, మానేశానని చెప్పడం కూడా ఒక గొప్పేనా? పందొమ్మిదో మంచం ఆవిడకి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. రెండింటికి నాడి చూసి ఉంటే పరుగెత్తుతున్న సంగతి తెలిసేదేమో. తెలిస్తే డాక్టరు వచ్చేవాడేమో. ఏమో అన్న మాట మీద మనిషిని బతికించలేం గానీ, చంపడానికి మాత్రం ఆ మాట సరిపోతుంది.

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పలేదు. డిప్లొమా ఇచ్చే రోజు నా యూనిఫాం తనే ఇస్త్రీ చేస్తానని అమ్మ ఇప్పట్నుంచే అంటోంది. అమ్మ పనే అది సిస్టర్, ఇస్త్రీ. ఊళ్ళో వాళ్ళందరి బట్టలూ చేసింది, నాది ఒక్కటీ మిగిలిందంటుంది."

"వెళ్ళు. కబురు చేస్తాను."

ఆ పిల్ల వెళ్ళాక పెద్ద సిస్టరు కలం మూత తీసింది. మళ్ళీ పెట్టింది. గంట మోగింది, మొదటి సంవత్సరం వాళ్ళకి క్లాసుంది. కాగితాన్ని పుస్తకం కింద పెట్టి, రేపు చూద్దాంలే అనుకుని లేచింది. సంతకం చెయ్యాల్సిన కాగితాన్ని ఆమె రేపటికి వాయిదా వెయ్యడం మేట్రన్ ఎప్పుడూ చూసి ఎరగదు. అందుకే మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఐదు నిమిషాల ముందు పెద్ద సిస్టరు స్త్రీల వార్డులోకి వెళ్ళింది. ఏడు గడులు పూర్తి చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో తన చేత్తోనే చూసి, ఆ మాట కాగితం అడుగున రాసి సంతకం చేద్దామని ఆమె ఉద్దేశం. పది నిమిషాల పని అని ఆమెకు నమ్మకం. అది రుజువైతే మనసు కుదుటపడుతుంది.

వార్డు నర్సు కంగారుగా లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా ఈ వార్డు నడిపిస్తున్న మనిషి, బల్ల మీది టీ గ్లాసుని చార్టు వెనక్కి జరిపింది.

"చూడ్డానికి వచ్చాను. మీ పని మీరు చేసుకోండి. ఈ వరస నేను చూస్తాను," అంది పెద్ద సిస్టరు.

నలభై ఆరు మంచాలు. ఒకటి నుంచి ఇరవై మూడు దాకా ఒక పిల్లకి, అక్కణ్ణుంచి చివరి దాకా ఇంకో పిల్లకి. పెద్ద సిస్టరు మొదటి మంచం దగ్గర థర్మామీటరు విదిలించింది. పాదరసం కిందికి దిగడానికి నాలుగు విదిలింపులు కావలసి వచ్చాయి, పూర్వం రెండే సరిపోయేవి. స్పిరిట్ దూదితో తుడిచి పేషెంటు నాలుక కింద పెట్టి, మణికట్టు పట్టుకుని, గుండెల మీద పిన్నుతో గుచ్చుకున్న గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నాడి అయ్యాక కూడా మణికట్టు వదలకూడదు. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. అందుకని నాడే చూస్తున్నట్టు నటిస్తూ రొమ్ము కదలడం చూడాలి. ఈ చిన్న మోసం పిల్లలకి నేర్పింది కూడా ఆమే.

మొదటి మంచం పేషెంటు థర్మామీటరు నోట్లోంచి తియ్యగానే తన కోడలి సంగతి మొదలుపెట్టింది. రెండో ఆవిడకి మంచినీళ్ళు కావాలి. మూడో ఆవిడ ఏమీ అడగలేదు గానీ ఆవిడ పక్క తడిసి ఉంది. చూసి చూడనట్టు పోవడం కుదరలేదు. నాలుగో ఆవిడ సిస్టరు చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాకేం కాదు కదా అమ్మగారూ?" అని మూడుసార్లు అడిగింది. వీటిలో దేనికీ చార్టులో గడి లేదు. రెండున్నర గంట కొట్టేసరికి పెద్ద సిస్టరు ఎనిమిదో మంచం దగ్గర ఉంది.

స్టూలు లాక్కుని కూర్చుంది. నడుం వంగి ఉండటంతో కళ్ళు తిరిగాయి. కూర్చున్నాక లెక్క దానంతటదే వచ్చింది. నాడికి నిమిషం, ఊపిరికి నిమిషం అని రాసింది తనే. రెండు గంటల చార్టు రెండున్నరకల్లా ముగించాలని రాసిందీ తనే. అరగంటలో ఇరవై ముగ్గురు. ఈ మూడూ ఒక చోట పెట్టి చూడనిదీ తనే. ఆ పేజీ రాసిన రోజుల్లో ఈ వార్డుకి పన్నెండు మంచాలు ఉండేవి. మంచాలు పెరుగుతూ వచ్చాయి, ప్రతి ముద్రణలోనూ ముందుమాట మారుతూ వచ్చింది, ఆ పేజీ మాత్రం మారలేదు.

అటు వరస పిల్ల ఇరవై మూడు గడులూ నింపేసి, చెయ్యి కడుక్కుని మందుల ట్రే సర్దుకుంటోంది.

పెద్ద సిస్టరు నెమ్మదిగా అటు నడిచింది. ఇరవై ఏడో మంచం ఆవిడ ఊపిరి గడిలో ఇరవై అని ఉంది. మణికట్టు పట్టుకుని రొమ్ము చూసింది. ఇరవై ఎనిమిది. మళ్ళీ చూసింది. ఇరవై ఎనిమిదే. ముప్ఫై ఒకటో మంచం మీద నడివయసు ఆవిడ లేచి కూర్చుని జడ అల్లుకుంటోంది.

"ఎప్పుడొచ్చావమ్మా?"

"నిన్న పొద్దున్నండి. సోమవారం మధ్యాహ్నమే మంచం ఖాళీ అయింది, సాయంత్రానికల్లా వచ్చెయ్యమన్నారు. బస్సు దొరకలేదు. ఎవరికైనా ఇచ్చేస్తారేమోనని రాత్రంతా ఒకటే బెంగ."

పెద్ద సిస్టరు మెట్లెక్కి తన గదికి వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. సోమవారం చార్టు బీరువాలో ఉంది, తొలగింపు కాగితానికి సాక్ష్యంగా తనే భద్రంగా పెట్టింది. బల్ల మీద పరిచి ముప్ఫై ఒకటో వరస మీద వేలు పెట్టింది. రెండు గంటల గడి. జ్వరం లేదు, తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. నాడి డెబ్భై ఎనిమిది. ఊపిరి ఇరవై.

డిశ్చార్జి పుస్తకం తెప్పించి చూసింది. ముప్ఫై ఒకటో మంచం ఆవిడ పన్నెండూ పదికి ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ ఇంట్లో భోంచేసి కునుకు తీసే వేళకి ఇక్కడ ఖాళీ మంచం మీద ఆవిడ నాడి నిమిషానికి డెబ్భై ఎనిమిది సార్లు కొట్టుకుంది.

అప్పుడు కాగితాన్ని మొదటి వరస నుంచీ చదివింది. ఇన్నాళ్ళూ చూసింది, ఇప్పుడు చదివింది. ఒకటి నుంచి పదహారు దాకా ఊపిరి లెక్కలు పద్దెనిమిది, ఇరవై రెండు, పందొమ్మిది, ఇరవై ఆరు, అలా ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి, మనుషులు ఉన్నట్టే. పదిహేడు నుంచి ఇరవై మూడు దాకా ఖాళీ. అక్కణ్ణుంచి చివరి దాకా ఇరవై, ఇరవై, ఇరవై. బీరువాలోంచి ఆదివారం చార్టు తీసింది, శనివారానిది తీసింది, పోయిన నెలవి తీసింది. నిమిషం చూసిన వరసలు తప్ప మిగతావన్నీ ఇరవైలే. వార్డంతా కలిసి ఒకే ముక్కుతో ఊపిరి పీల్చినట్టుంది.

మేట్రన్ని పిలిచింది. మేట్రన్ ఈ స్కూలు మొదటి బ్యాచి పిల్ల. ఇప్పుడు మనవలున్న మనిషి. జుట్టంతా తెల్లబడినా పెద్ద సిస్టరు ముందు ఇంకా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడుతుంది.

"ఈ ముప్ఫై ఒకటి చూడు."

మేట్రన్ చూసింది. డిశ్చార్జి పుస్తకం చూసింది. పెద్ద ఆశ్చర్యమేమీ కనబడలేదు మొహంలో.

"ఎవరు రాశారో కనుక్కోమంటారా సిస్టరమ్మగారూ? పిలిచి గట్టిగా..."

"వద్దు. నువ్వు రాసేదానివా?"

మేట్రన్ కిటికీ వైపు చూసింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి దాన్ని దగ్గరగా వేసి వచ్చింది.

"ఈ వయసులో మీ ముందు అబద్ధం ఎందుకు? రాసేదాన్ని. అందరం రాసేవాళ్ళం. మొదటి ఏడాది నిజంగానే చూశాం. తర్వాత మంచాలు పెరిగాయి, మేం పెరగలేదు."

"నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే వినేవారా? మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు కదా." ఇంత మాట ఎలా అనేసిందో తనకే తెలియక మేట్రన్ ఒక్క క్షణం ఆగింది. కానీ మొదలుపెట్టాక ఆపడం కూడా చేతకాలేదు. "ప్రతి శనివారం చార్టులు తెప్పించుకుని ఖాళీ గడులకి ఎర్రసిరాతో సున్నాలు చుట్టేవారు. ఎవరి పేరు మీద ఎన్ని సున్నాలో బోర్డు మీద పెట్టేవారు. నిండిన గడి మీద మీరు ఒక్కనాడు కూడా వేలు పెట్టలేదు సిస్టరమ్మగారూ. మేం ఏం నేర్చుకుంటాం చెప్పండి? ఆడపిల్లలం, భయం. జ్వరం లేనివాళ్ళకి తొంభై ఎనిమిదీ నాలుగు, ఊపిరి ఇరవై. అది మాకు మా అక్కలు నేర్పలేదు, మా అక్కలం మేమే. మేం మా చెల్లెళ్ళకి నేర్పాం."

"మరి ఈ నిమిషం?"

"దాన్ని తిట్టని వార్డు నర్సు లేదు. పిచ్చిదానా రాసెయ్యవే అంటే వినదు. మీ పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది కదా, లెక్కపెట్టనిది రాయకూడదని. అది ఒక్కర్తే ఆ వాక్యం చదివినట్టుంది."

ఆ సాయంత్రం ప్రార్థన మందిరంలో పెద్ద సిస్టరు జపమాల పూసలు తిప్పుతూ కూర్చుంది. పెదవులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఏ పూస దగ్గరున్నదీ తెలియలేదు. దేవుడికి కూడా తను ఇన్నేళ్ళూ నిండిన గడులే చూపిస్తూ వచ్చిందా అనిపించింది. సిగ్గేసింది. తప్పు చేసినప్పటి సిగ్గు ఆమెకు తెలుసు, ఇది అది కాదు. ఇంటి పెద్దరికం చేసిన మనిషికి, తన ఇంట్లో ఏం జరుగుతోందో తనకు తప్ప అందరికీ తెలుసునని తెలిసినప్పుడు కలిగే సిగ్గు ఇది.

గురువారం పొద్దున్న పెద్ద డాక్టరే ఆమె గదికి వచ్చాడు. తెల్లవారకముందు నుంచి ఆపరేషన్ గదిలో ఉన్న మనిషి, కూర్చోగానే చెప్పులు విప్పేశాడు.

"సంతకం పెట్టలేదటగా. మంచిదే అయింది," అన్నాడు. "నేను రాత్రి ఆలోచించాను. తిలా పాపం తలా పిడికెడు సిస్టరమ్మా. ఆ పిడికెళ్ళన్నీ కలిపి ఆ పిల్ల ఒక్కదాని నెత్తిన పొయ్యడం నాకూ బాగా లేదు. ఆ మాటకొస్తే పన్నెండింటి రౌండులో నేనే ఆ పేషెంటు దగ్గర ఆగి ఉండాల్సింది."

"ఏం చేద్దామంటారు?"

"ఆ పిల్ల చేతే ఆ ఏడు గడులూ నింపించండి. ఆమె చేతిరాతే ఉండాలి. తొలగింపు కాగితం చించేద్దాం. చనిపోయినావిడ భర్త నాలుగింటికి వస్తున్నాడు. రెండింటికి మా ఆవిడ ఎలా ఉందో కాగితం చూపించండి అంటున్నాడు, ఆ ఒక్కటే అడుగుతున్నాడు. చూపిస్తాం. బాగానే ఉంది, హఠాత్తుగా జరిగింది అంటాం. హఠాత్తుగానే జరిగి ఉండొచ్చు కూడా, ఎవరికి తెలుసు? ఆయనకి మనశ్శాంతి, పిల్లకి చదువు, మనకి పరువు. ఎవరికీ నష్టం లేదు."

పెద్ద సిస్టరుకి ఒళ్ళంతా తేలికైనట్టయింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సినంత తేలిక. పిల్ల నిలుస్తుంది. ఆ తల్లి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంది. తను నెలాఖరుకి రాజీనామా ఇచ్చి, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూర్చోవచ్చు. నలభై ఒక్క ఏళ్ళుగా లక్షల గడులు అబద్ధంతో నిండాయి, ఇంకో ఏడు నిండితే ఆకాశం ఊడి పడుతుందా?

"సరే," అంది.

మూడున్నరకి నిమిషం వచ్చింది. బల్ల మీద సోమవారం చార్టు పరిచి ఉంది. పక్కన కలం, సిరాబుడ్డి. పెద్ద సిస్టరు ఆ పిల్ల మొహంలోకి చూడకుండా చెప్పింది. గడులు నింపెయ్యమని, కాగితం చించేస్తామని, రేపటి నుంచే డ్యూటీకి రావచ్చని. ఆ పిల్ల కాదంటుందని లోపల ఎక్కడో అనుకుంది. కాదంటే రెండు చీవాట్లు వేసి నచ్చజెప్పాలని మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

ఆ పిల్ల కాదనలేదు. కుర్చీ ముందుకి జరుపుకుంది. కలం తీసుకుని, సిరాలో ముంచి, ఎక్కువైన చుక్కని బుడ్డి అంచుకి రాసి, పదిహేడో వరస మీద చెయ్యి ఆనించింది. నెమ్మదస్తురాలైన మంచి విద్యార్థి డిక్టేషన్‌కి కూర్చున్నట్టు కూర్చుంది.

"ఎంత రాయమంటారు సిస్టర్?"

పెద్ద సిస్టరు నోరు తెరిచింది. ఎనభై అన్న అంకె నాలుక చివరికి వచ్చేసింది. ఎంత సులువుగా వచ్చిందంటే, ఇన్నేళ్ళూ అక్కడే కూర్చుని ఉన్నట్టు వచ్చింది.

ఆ పిల్ల ఎదురు చూస్తోంది. ఎదిరింపు లేదు, నిష్ఠూరం లేదు. రెండు రోజుల ఏడుపుతో అలిసిపోయి, పెద్దవాళ్ళు ఏం చెబితే అది చేసేద్దామన్న లొంగుబాటు మాత్రం ఉంది. స్కూలంతటిలో ఒక్కర్తే మిగిలింది, దాన్ని కూడా అందరిలో కలిపేసే పని ఇప్పుడు తన చేతుల మీదుగా జరుగుతోందని పెద్ద సిస్టరుకి అర్థమైంది.

"లెక్కపెట్టలేదు అని రాయి," అంది.

"సిస్టర్?"

"లెక్కపెట్టలేదు. ఏం జరిగిందో అదే రాయి. ఏడింటిలోనూ."

ఆ పిల్ల గడి వైపు చూసి ఆలోచనలో పడింది. "అంత మాట గడిలో పట్టదు సిస్టర్."

"చిన్న అక్షరాలతో రాయి."

పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. పందొమ్మిది దగ్గర ఆ పిల్ల చెయ్యి ఆగింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ రాసింది. ఏడూ అయ్యాక పెద్ద సిస్టరు కలం అందుకుని అడుగున ఇంకో వాక్యం రాసింది: ఇరవై మూడు మందిని అరగంటలో చూడమన్న నియమం నాది, అది జరిగే పని కాదు. కింద సంతకం పెట్టింది.

చనిపోయినావిడ భర్త తాపీ మేస్త్రి. గోళ్ళ సందుల్లో సిమెంటు ఇంకా ఉంది. పెద్ద డాక్టరు గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. పెద్ద డాక్టరు చార్టు అందుకుని, చదివి, పెద్ద సిస్టరు వైపు ఒక్క చూపు చూసి కాగితాన్ని బోర్లా పెట్టాడు. ఆమె చెయ్యి చాపి దాన్ని మళ్ళీ తిప్పింది.

"నాయనా, సోమవారం రెండింటికి మీ ఆవిణ్ణి ఎవరూ చూడలేదు," అంది. "చూసి ఉంటే బతికేదా అంటే చెప్పలేను. చూడలేదు, అంతవరకూ నిజం. ఆ పిల్ల తప్పు కాదు. ఇద్దరు చేసే పని కాదది, ఇద్దరి చేత చేయించింది నేను. ఫిర్యాదు ఇస్తే నా పేరు మీద ఇవ్వు."

మేస్త్రి కాగితం మీదికి వంగాడు. ఆ ఏడు గడుల వైపు చూశాడు. చదువు వచ్చో లేదో తెలియదు.

"నేను గుమ్మం దగ్గరే ఉన్నానమ్మా," అన్నాడు చివరికి.

"ఎప్పుడు?"

"ఒంటిగంట నుంచీ. పని మానుకుని వచ్చాను. లోపలికి రానివ్వలేదు. ఐదింటి దాకా చుట్టాలు రాకూడదని బోర్డు ఉందన్నారు. ఆ బెంచీ మీదే కూర్చున్నాను, నాలుగింటికి లోపల పరుగులు మొదలయ్యేదాకా." అతని గొంతులో కోపం లేదు. అదే భరించడం కష్టంగా ఉంది. "మీకు మనుషులు చాలకపోతే నన్ను పిలిస్తే వచ్చి కూర్చునేవాణ్ణి కదమ్మా. నాకు లెక్కలు రావు గానీ, పదేళ్ళు కాపురం చేశాను, మనిషి తేడాగా ఉంటే తెలియదా? అరిచి ఎవర్నో ఒకర్ని పిలిచేవాణ్ణి."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ బోర్డు కూడా నేను పెట్టించిందే," అంది పెద్ద సిస్టరు.

మేస్త్రి తుండుగుడ్డ భుజాన వేసుకుని లేవబోయి, అసలు తను కూర్చోనే లేదని గుర్తొచ్చినట్టు తడబడ్డాడు. తలుపు దగ్గర ఆగాడు.

"పడిపోయిన ముసలావిణ్ణి ఆ పిల్ల ఒక్కర్తే ఎత్తింది. తలుపు సందులోంచి చూశాను. సాయం పడదామని లేస్తే నన్ను మళ్ళీ కూర్చోబెట్టేశారు. ఆ పిల్లనేం అనకండి."

అతను వెళ్ళాక పెద్ద డాక్టరు చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. "మీ సిస్టర్ల మఠానికి నేను రాయక తప్పదు సిస్టరమ్మా," అన్నాడు. "స్కూలు ఇంకెవరికైనా అప్పగించమని అడుగుతాను. ఏమనుకోకండి."

"రాయండి," అంది. తొలగింపు కాగితం చించడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి, అంత దళసరి కాగితం మీద టైపు చేయించాడు.

శుక్రవారం మధ్యాహ్నం వార్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎవరి మంచం పక్కన వాళ్ళ చుట్టాలు స్టూళ్ళ మీద, పెట్టెల మీద, కొందరు నేల మీద కూర్చున్నారు. ఇది ఆస్పత్రా సంతా అని వార్డు నర్సు గొణుక్కుంటూనే ఉంది. ఆ గొణుగుడు మధ్యలోనే తొమ్మిదో మంచం ఆవిడ చెల్లెలు, మా అక్కకి చెమటలు పడుతున్నాయి చూడండమ్మా అని పిలిస్తే పరుగెత్తింది కూడా.

సాయంత్రం మేట్రన్ ఆ రోజు చార్టు పట్టుకుని పైకి వచ్చింది. కాగితాన్ని ఇవ్వకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఏం?"

"నిన్న ఆ పిల్ల రాసింది అందరికీ తెలిసిపోయింది సిస్టరమ్మగారూ. రాయొచ్చా అని అడిగారు. రాయొచ్చన్నాను."

పెద్ద సిస్టరు కాగితం అందుకుంది. నలభై ఆరు మంచాల్లో పందొమ్మిదింటికి చిన్న చిన్న అక్షరాలతో లెక్కపెట్టలేదు అని ఉంది. ఏడు నిమిషం రాసినవి. తొమ్మిది అటు వరస పిల్ల రాసింది. మూడు మాత్రం పెద్ద చేతిరాత, కాస్త వణుకు. ఇరవై ఏళ్ళుగా వార్డు నడుపుతున్న మనిషి స్కూలు పిల్లలా ఒక్కో అక్షరం ఒత్తి రాసింది. మిగతా ఇరవై ఏడు గడుల్లో ఊపిరి లెక్కలు ఏ రెండూ ఒకలా లేవు.

ఆమె మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది. నలభై ఒక్క ఏళ్ళలో ఇంత అధ్వాన్నమైన చార్టు తన బల్ల మీదికి రాలేదు. అందులో ఉన్న ప్రతి ముక్కా ఆమె నమ్మింది.

"పెద్ద డాక్టరు గారికి ఉత్తరం రాయి," అంది. "స్త్రీల వార్డుకి ఇంకో నలుగురు నర్సులు కావాలి. కారణం అడిగితే ఈ కాగితం పెట్టు."

"ఇవ్వరు సిస్టరమ్మగారూ. మిమ్మల్నే పంపించేస్తున్నారు, నలుగుర్ని ఎక్కణ్ణుంచి ఇస్తారు?"

"ఇవ్వకపోతే, అడిగాం, ఇవ్వలేదు అని రాయి. తేదీ వెయ్యి. వచ్చే నెలా అడుగు, ఇవ్వకపోతే మళ్ళీ రాయి."

మేట్రన్ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, ఎన్నడూ లేనిది, ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. కలం తీసుకుంది. పెద్ద సిస్టరు కాళ్ళు రెండూ స్టూలు మీదికి చాపుకుని, ఉత్తరం మొదటి వాక్యం చెప్పడం మొదలుపెట్టింది.